నిశ్శబ్దంలోంచి లేచే బుస: కంప్రెసర్ పెట్టె వెనుక నూరేళ్ల చరిత్ర



రాత్రివేళ దూరపు కేంద్రాన్ని రేడియోలో పట్టుకుని విన్న అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. నా చిన్నతనంలో, అంటే 1980ల చివర, హోసూరు దగ్గర మా పల్లెలో పొద్దు గూకితే మా నాయన రేడియో పెట్టేవాడు. పగటిపూట దగ్గరి కేంద్రాలు మాత్రమే పలికేవి. చీకటి పడ్డాక విజయవాడ, హైదరాబాదు కేంద్రాలు కూడా మీడియం వేవులో అందేవి. అయితే ఆ పలుకు నిలకడగా ఉండేది కాదు. నాటకం రక్తికట్టే వేళకు మాట మెల్లగా లోపలికి జారిపోయేది. అది జారిపోయే కొద్దీ దాని చోట ఒక బుస పైకి లేచేది. మాట తిరిగి రాగానే ఆ బుస తనంతట తానే అణిగిపోయేది. చుట్టూ తమిళం, కన్నడం వినిపించే ఊళ్లో మన తెలుగు మాట కోసం ఆ బుసలో చెవి పెట్టి కూర్చునేవాళ్లం.

ఆ బుసను నేను మరిచిపోయాను. ఈమధ్య మళ్లీ గుర్తుకు తెచ్చినవాడు నా పాత విద్యార్థి ఒకడు. మా బడి వార్షికోత్సవంలో పాటలకు గిటారు వాయించడానికి ఒప్పుకున్నాడు. ఎవరి దగ్గరో పాత కంప్రెసర్ పెడల్ ఒకటి చవగ్గా కొన్నాడట. అరచేతి కన్నా కాస్త పెద్దదైన పెట్టె అది. గిటారుకూ యాంప్లిఫయర్‌కూ మధ్య తగిలించి కాలితో నొక్కుతారు. రిహార్సలు రోజున తీగ మీటితే స్వరం హాయిగా, సాగి సాగి వినిపించింది. చెయ్యి ఆపాడు. స్వరం సన్నగిల్లింది. ఆ వెంటనే స్పీకరులోంచి బుస పొంగి వచ్చింది. దాని కింద గుమ్మని మరో మోత. పాటకూ పాటకూ మధ్య పిల్లలంతా స్పీకరు వైపే చూస్తున్నారు.

"సార్, నన్ను మోసం చేశారు సార్. ఈ పెట్టె పాడైపోయింది" అన్నాడు వాడు. మూలన కుర్చీలో కూర్చున్న వాళ్ల తాత మాత్రం నవ్వాడు. "ఏమి ఐవారూ, ఇది మన రేడియోలో స్టేషను జారినప్పుడు వచ్చే బుస మాదిరే ఉందే!" అన్నాడు.

ఆ పెద్దాయన బడిలో నాలుగో తరగతి దాటలేదు. కానీ ఆయన చెప్పింది అక్షరాలా నిజం. రేడియోలో లేచిన ఆ బుసకూ, గిటారు పెట్టెలో లేచిన ఈ బుసకూ కారణం ఒక్కటే. ఆ కారణం వెనుక సుమారు నూరేళ్ల చరిత్ర ఉంది. ఈనాటి ప్రసంగంలో ఆ చరిత్రను మీతో పంచుకుంటాను. చివరికి ఆ గిటారు బుస ఎలా తగ్గిందో కూడా మనవి చేస్తాను. ఎందుకంటే దాన్ని తగ్గించే ఉపాయాలన్నీ ఆ చరిత్రలోనే ఉన్నాయి.

ముందుగా కంప్రెసర్ అంటే ఏమిటో చూద్దాం. రేడియో స్టూడియోకు మాట్లాడటానికి వెళ్లినవారికి ఒక దృశ్యం గుర్తుండవచ్చు. అద్దానికి అవతల ఇంజనీరుగారు ఒక మీట మీద చెయ్యి వేసి కూర్చుంటారు. మనం గొంతు పెంచితే ఆయన మీటను తగ్గిస్తారు. మనం గొంతు తగ్గిస్తే పెంచుతారు. వినేవారికి మాట ఎప్పుడూ ఒకే మట్టంలో అందాలన్నది ఆయన ఉద్దేశం. కంప్రెసర్ చేసేది సరిగ్గా ఇదే పని. మనిషి చేతికి బదులు విద్యుత్తు ఆ మీటను తిప్పుతుంది. పెద్ద ధ్వనిని అణుస్తుంది, చిన్న ధ్వనిని ఎత్తుతుంది.

ఈ కనపడని చెయ్యి మొదట పుట్టింది రేడియో పెట్టెల్లోనే. 1925లో హెరాల్డ్ వీలర్ అనే అమెరికా ఇంజనీరు దాన్ని కనిపెట్టాడు. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు. ఆనాటి రేడియోలో ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి ముల్లు తిప్పితే దగ్గరి కేంద్రం చెవులు బద్దలయ్యేలా అరిచేది, దూరపు కేంద్రం వినిపించీ వినిపించనట్లు ఉండేది. వీలర్ చేసిన ఏర్పాటు ప్రకారం, వచ్చే తరంగం ఎంత బలంగా ఉందో రేడియో తానే కొలుచుకుంటుంది. బలం ఎక్కువైతే తన శక్తిని తగ్గించుకుంటుంది, తక్కువైతే పెంచుకుంటుంది. దీనికి ఆటోమేటిక్ వాల్యూమ్ కంట్రోల్ అని పేరు వచ్చింది. 1930ల మొదటికల్లా అమ్మకానికి వచ్చే కొత్త రేడియోల్లో ఇది మామూలు విషయమైపోయింది.

ఇప్పుడు మా నాయన రేడియో సంగతి ఆలోచించండి. కేంద్రం బలంగా అందుతున్నంత సేపూ రేడియో తన శక్తిని అదుపులో పెట్టుకుంటుంది. తరంగం బలహీనపడగానే, "అయ్యో, మాట వినిపించడం లేదే" అన్నట్లు తన శక్తినంతా కూడదీసుకుంటుంది. ఎత్తడానికి మాట లేనప్పుడు అది దేన్ని ఎత్తుతుంది? ఉన్నదాన్నే ఎత్తుతుంది. ఆకాశంలోని మెరుపుల చిటపటలనూ, తన లోపలి భాగాల్లో పుట్టే సన్నని సడినీ ఎత్తి మన చెవిలో పోస్తుంది. అంటే ఆ బుస కొత్తగా పుట్టింది కాదు. మాట వినిపిస్తున్నప్పుడు కూడా అడుగున అది ఉండనే ఉంది.

రేడియో లోపలి భాగాల్లో సడి ఎందుకు పుట్టాలి అని మీకు సందేహం రావచ్చు. ఆ సందేహం ఆనాటి ఇంజనీర్లకూ వచ్చింది. భాగాలను ఇంకా బాగా తయారుచేస్తే సడి పూర్తిగా పోతుందని కొందరు ఆశించారు. 1928లో ఆ ఆశకు తెరపడింది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పనిచేస్తున్న జాన్ బి. జాన్సన్ అనే శాస్త్రవేత్త మామూలు రెసిస్టరును, దానికి ఏ బ్యాటరీ తగిలించకుండానే కొలిచి చూశాడు. అందులో కూడా అతి సన్నని విద్యుత్ కదలిక కనిపించింది. అక్కడే పనిచేస్తున్న హ్యారీ నైక్విస్ట్ దానికి లెక్క కట్టి చూపించాడు. పదార్థంలో వేడి ఉన్నంత కాలం లోపలి ఎలక్ట్రాన్లు అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి. ఆ కదలికే మనకు బుసగా వినిపిస్తుంది. నిరోధం పెరిగితే అది పెరుగుతుంది, వేడి పెరిగినా పెరుగుతుంది. పూర్తిగా పోగొట్టడం ఎవరి తరమూ కాదు. యంత్రంలో ఖాళీ నిశ్శబ్దం అనేది లేదన్నమాట. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, మిగిలిన కథంతా దీని మీదే నడుస్తుంది.

అదే కాలంలో అట్లాంటిక్ సముద్రం మీద మరో పోరాటం జరుగుతోంది. 1927 జనవరి 7న న్యూయార్క్‌కూ లండన్‌కూ మధ్య రేడియో ద్వారా టెలిఫోను సేవ మొదలైంది. మూడు నిమిషాల మాటకు 75 డాలర్లు. అంత డబ్బు పోసి మాట్లాడినా, గొంతు తగ్గించి పలికిన అక్షరాలు దారిలోని చిటపటల్లో మునిగిపోయేవి. గట్టిగా పలికిన మాట అందేది, మెల్లగా పలికిన మాట అందేది కాదు.

బెల్ సంస్థ ఇంజనీర్లు దీనికొక చక్కని ఉపాయం పన్నారు. పంపే చోట ఒక కంప్రెసర్ పెట్టారు. అది మెల్లని అక్షరాలను ఎత్తి, చిటపటల కన్నా పైన ఉండేటట్లు చేసి పంపుతుంది. అందుకునే చోట దానికి సరిగ్గా వ్యతిరేకమైన యంత్రం పెట్టారు. దాని పేరు ఎక్స్‌పాండర్. ఎత్తిన దాన్ని అది మళ్లీ యథాస్థానానికి దించుతుంది. దించేటప్పుడు, దారిలో వచ్చి చేరిన రొద కూడా దానితోపాటు కిందికి దిగిపోతుంది. ఈ జంట యంత్రానికి రెండు పేర్లూ కలిపి కంపాండర్ అన్నారు. 1930ల తొలి ఏళ్లలో దాన్ని అట్లాంటిక్ టెలిఫోనుకు వాడారు. 1934లో మేథిస్, రైట్ అనే ఇద్దరు ఇంజనీర్లు దాని పనితీరును వివరిస్తూ ఒక పత్రం ప్రచురించారు.

శ్రోతలు ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించాలి. కంప్రెసర్ ఇక్కడ రొదకు శత్రువుగా పనిచేసింది. గిటారు దగ్గర మాత్రం రొదను పెంచే యంత్రమైంది. తేడా ఎక్కడుంది? రొద ఎప్పుడు వచ్చి చేరిందన్న దానిలో ఉంది. టెలిఫోనులో రొద కంప్రెసర్ దాటాక దారిలో చేరింది. గిటారులో రొద కంప్రెసర్‌కు ముందే, తీగ మోతతోపాటు లోపలికి వస్తుంది. పైగా టెలిఫోనులో ఎత్తినదాన్ని దించే రెండో యంత్రం ఉంది. గిటారు వాద్యకారుడికి అది అక్కర్లేదు, ఎత్తిన స్వరం ఎత్తినట్లే ఉండాలని కదా అతను కొనుక్కున్నది!

కంప్రెసర్ తర్వాత మజిలీ రేడియో కేంద్రాలు. 1937లో అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ 110ఏ అనే యంత్రాన్ని రేడియో కేంద్రాల కోసం తయారుచేసింది. ఆర్‌సీఏ సంస్థ కూడా అలాంటిదే తెచ్చింది. ప్రసంగకర్త ఒక్కసారిగా అరిచినా, వాద్యం ఒక్కసారిగా మోగినా ట్రాన్స్‌మిటర్ హద్దు దాటి ప్రసారం చెడిపోకుండా అది కాపాడుతుంది. ఆ భయం లేదు కాబట్టి మొత్తం ప్రసారాన్ని కొంచెం పైమట్టంలో ఉంచవచ్చు. అప్పుడు దూరపు శ్రోతకు కూడా మాట స్పష్టంగా అందుతుంది. ఊరికి దూరంగా, రాష్ట్రం సరిహద్దుకు ఈవల కూర్చుని వినే మనలాంటివారికి ఈ యంత్రాల జాతి చేసిన మేలు తక్కువేమీ కాదు.

రేడియో నుంచి అది రికార్డింగు స్టూడియోలకు చేరింది. 1960ల మొదట్లో జిమ్ లారెన్స్ రూపొందించిన ఎల్‌ఏ-2ఏ అనే యంత్రంలో ధ్వని బలాన్ని బట్టి ఒక చిన్న పలక వెలుగుతుంది. వెలుగు పెరిగితే పక్కనున్న కాంతి రెసిస్టరు ధ్వనిని తగ్గిస్తుంది. 1967లో బిల్ పుట్నమ్ తెచ్చిన 1176 అనే యంత్రంలో ఆ పని ట్రాన్సిస్టరు చేస్తుంది, చాలా వేగంగా చేస్తుంది. ఆ ఏళ్లలోనూ తర్వాతా వచ్చిన ఎన్నో పాటల్లో గొంతు అంత దగ్గరగా వినిపించడానికి ఈ పెట్టెలే కారణం.

అయితే స్టూడియోలో మరో బుస ఇంజనీర్లను వేధించేది. అది టేపు బుస. దాన్ని అణచిన కథలో మన దేశానికీ చిన్న పాత్ర ఉంది. రే డాల్బీ అనే అమెరికా ఇంజనీరు 1963 నుంచి 1965 వరకు యునెస్కో సలహాదారుగా మన దేశంలో పనిచేశాడు. ఇక్కడ ఉండగా మన సంగీతాన్ని టేపు మీద రికార్డు చేసుకునేవాడు. తర్వాత లండన్ వెళ్లి 1965లో తన ప్రయోగశాల స్థాపించాడు. టెలిఫోనువారి కంపాండర్ సూత్రాన్నే తీసుకుని, ధ్వనిని నాలుగు భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగంలో మెల్లని ధ్వనులను మాత్రమే రికార్డు చేసేటప్పుడు ఎత్తాడు. వినేటప్పుడు అంతే మేరకు దించాడు. బుస సుమారు 10 డెసిబెల్స్ తగ్గింది. 1966లో డెకా రికార్డు కంపెనీ దాన్ని మొదటగా వాడింది. ఇళ్లలోని టేపు రికార్డర్లకు సరిపడే సులభ రూపం 1968లో వచ్చింది. పాత క్యాసెట్ డెక్కుల మీద డాల్బీ అన్న మాట, పక్కన ఒక చిన్న మీట మీరు చూసే ఉంటారు. ఆ మీట వెనుక ఉన్నది ఈ కథే.

ఇక గిటారు దగ్గరికి వద్దాం. తీగ వాద్యాలన్నిటికీ ఒక బాధ ఉంది. మీటిన మరుక్షణం నుంచి స్వరం తగ్గిపోతూ ఉంటుంది. వీణ మీటుకు మీటుకు మధ్య గమకం పలికించేవారికి ఈ బాధ బాగా తెలుసు. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించగలిగాడంటే, విద్యుత్తు వల్ల స్వరానికి వచ్చిన నిడివి అందుకు ఎంతో తోడ్పడింది. గిటారు వాయించేవారికీ ఆ నిడివే కావాలి. స్వరం తగ్గుతున్నకొద్దీ ఎవరో మెల్లగా వాల్యూమ్ పెంచుతూ పోతే స్వరం సాగినట్లు వినిపిస్తుంది. ఆ ఎవరో మన కంప్రెసరే.

స్టూడియోలోని కంప్రెసర్ బరువైనది, ఖరీదైనది. దాన్ని కాలి కిందికి తెచ్చింది 1970ల నాటి చిన్న చిప్పులు. అమెరికాలో కీత్ బార్, టెర్రీ షెర్వుడ్ స్థాపించిన ఎంఎక్స్ఆర్ సంస్థ ఆ దశకంలో డైనా కాంప్ అనే ఎర్రని చిన్న పెట్టె తెచ్చింది. దానికి రెండే నాబ్‌లు. ఎంత అణచాలో ఒకటి, ఎంత బిగ్గరగా పంపాలో మరొకటి. లోపల ఆర్‌సీఏ వారి సీఏ3080 అనే చిప్పు. జపాన్‌లో బాస్ సంస్థ 1978లో సీఎస్-1నూ, 1986లో సీఎస్-3నూ తెచ్చింది. ఒక 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ఈ పెట్టెలు ప్రపంచమంతటా వ్యాపించాయి. మా కుర్రవాడి చేతికి వచ్చింది కూడా ఆ వంశానికి చెందినదే.

మరి బుస ఎంత పెరుగుతుంది? ఉదాహరణకు పెడల్ మీటను బాగా పెంచారనుకోండి. తీగ మీటినప్పుడు అది స్వరాన్ని అణచి ఉంచుతుంది. స్వరం ఆగిపోగానే పట్టు వదిలి, 20 డెసిబెల్స్ మేర శక్తి పెంచుకుందనుకుందాం. 20 డెసిబెల్స్ అంటే విద్యుత్తు లెక్కలో పది రెట్లు. అంటే గిటారులోంచి వచ్చే సన్నని బుస పది రెట్లవుతుంది. ఆ పట్టు వదలడం నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి, బుస కూడా ఊపిరి పీల్చినట్లు క్షణం ఆగి పొంగుతుంది. మేము రిహార్సలులో విన్నది సరిగ్గా ఇదే. పెట్టె పాడవలేదు, తన ధర్మం తాను చేస్తోంది. దానికి రాగమూ రొదా అన్న తేడా తెలియదు. చిన్నదేదైనా సరే, ఎత్తడమే దాని పని.

కాబట్టి కంప్రెసర్ బుసను తగ్గించాలంటే మొదటి సూత్రం ఇది: పెట్టెను తిట్టే ముందు, పెట్టెలోకి ఏం పంపుతున్నామో చూసుకోవాలి.

గిటారు తయారుచేసినవారు ఈ సంగతి కంప్రెసర్ పెడల్ పుట్టక ముందే గ్రహించారు. గిటారులో తీగల కింద పికప్ ఉంటుంది. అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. తీగ కదిలితే అందులో విద్యుత్తు పుడుతుంది. అయితే ఆ చుట్ట గోడలోని కరెంటు తీగల నుంచీ, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచీ వచ్చే గుమ్మనే మోతను కూడా యాంటెన్నాలా పట్టుకుంటుంది. అమెరికాలో గిబ్సన్ సంస్థలో పనిచేసే సెత్ లవర్ 1955లో దీనికి విరుగుడు కనిపెట్టి పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1959లో అది మంజూరైంది. ఒక చుట్టకు బదులు రెండు చుట్టలు, ఒకదానికొకటి ఎదురుగా. బయటి మోత రెండింటిలోనూ ఎదురెదురుగా పుట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. తీగ స్వరం మాత్రం రెండింటిలోనూ కలిసి బలపడుతుంది. దీన్నే హంబకర్ అంటారు. రొదను పుట్టిన చోటే ఆపడం అంటే ఇదీ.

ఇక మేము ఆ సాయంత్రం చేసిన పని చెబుతాను. మీ ఊళ్లో భజన బృందంలోనో, చర్చి గాయక బృందంలోనో, పెళ్లి ఆర్కెస్ట్రాలోనో గిటారు ఉంటే ఇది మీకూ పనికొస్తుంది.

మొదట పెడల్‌కు తగిలించిన చవక ఎడాప్టరు పీకేసి, కొత్త బ్యాటరీ వేశాం. గుమ్మనే మోత సగానికి పైగా పోయింది. అంటే ఆ మోత పెడల్‌ది కాదు, ఎడాప్టరుది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఎడాప్టరు దాన్ని సరిగా వడకట్టకపోతే 100 సార్ల మోతగా స్వరంలో కలుస్తుంది. కంప్రెసర్ దాన్నీ ఎత్తి చూపిస్తుంది.

రెండోది, నిలబడే చోటు. వాడి గిటారు పికప్ ఒంటి చుట్టది. యాంప్లిఫయర్ పక్కన, ట్యూబులైట్ చోక్ కింద నిలబడి వాయిస్తున్నాడు. నాలుగడుగులు పక్కకు జరిపి, గిటారును కొంచెం కొంచెంగా తిప్పి చూడమన్నాను. ఒక దిక్కులో మోత చాలా వరకు అణిగింది. నేల మీద అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టాం.

మూడోది, పెట్టెల వరుస. వాడి దగ్గర స్వరాన్ని గరగరలాడించే డిస్టార్షన్ పెడల్ కూడా ఉంది. దాన్ని కంప్రెసర్‌కు ముందు పెట్టాడు. డిస్టార్షన్ సహజంగానే బుస పుట్టిస్తుంది. ఆ బుసను కంప్రెసర్ మళ్లీ ఎత్తుతోంది. వరుస మార్చి, గిటారు నుంచి మొదట కంప్రెసర్‌లోకి, అక్కడి నుంచి డిస్టార్షన్‌లోకి వెళ్లేటట్లు పెట్టాం. గిటారు మీది వాల్యూమ్ పూర్తిగా తెరిచాం. పెట్టెలోకి స్వరం బలంగా వెళ్తే, బుసకూ దానికీ మధ్య దూరం పెరుగుతుంది. అట్లాంటిక్ టెలిఫోనువారు చేసిందీ ఇదే కదా! రొద కలిసే చోటుకు ముందే స్వరాన్ని బలపరిచారు.

నాలుగోది, మితం. వాడు అణచివేసే నాబ్‌ను చివరిదాకా తిప్పి ఉంచాడు. సగానికి తగ్గించమన్నాను. స్వరం కొంచెం తక్కువ సాగింది. బుస చాలా ఎక్కువ తగ్గింది. పెడల్ వేసినా తీసినా శబ్దం ఒకే మట్టంలో ఉండేటట్లు రెండో నాబ్ సరిచేశాం.

ఇన్నిటి తర్వాత కూడా సన్నని బుస మిగిలింది. అది జాన్సన్ 1928లో లెక్కకు తెచ్చిన బుస, దానితో రాజీ పడవలసిందే. అది కూడా వినిపించకూడదంటే నాయిస్ గేట్ అనే మరో పెట్టె ఉంది. వాయించనప్పుడు తలుపు మూస్తుంది, వాయించగానే తెరుస్తుంది. టెలిఫోనువారి ఎక్స్‌పాండర్‌కు ఇది ముక్కుసూటి తమ్ముడు. అయితే ఒక చిక్కుంది. కంప్రెసర్ తర్వాత స్వరమూ బుసా దాదాపు ఒకే ఎత్తుకు వస్తాయి కాబట్టి ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో గేటుకు అర్థం కాదు. తొందరపడి మూస్తే, ఏ సాగింపు కోసం కంప్రెసర్ కొన్నామో ఆ సాగింపే తెగిపోతుంది. 1987లో బాస్ సంస్థ తెచ్చిన ఎన్ఎస్-2 అనే పెట్టె దీనికి మార్గం చూపింది. అది గిటారులోంచి నేరుగా వచ్చే స్వచ్ఛమైన స్వరాన్ని విని నిర్ణయం తీసుకుంటుంది. తలుపు మాత్రం మిగిలిన పెట్టెలన్నీ దాటిన తర్వాత వేస్తుంది. మా బడి ఉత్సవానికి అంత అవసరం రాలేదు.

ఇప్పుడు ఈ ప్రసంగంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట చెబుతాను. మేము పని మొదలుపెట్టక ముందు ఆ కుర్రవాడు ఒక పని చేయబోయాడు. "సార్, యాంప్లిఫయర్ ప్లగ్గులో లావు పిన్ను తీసేస్తే మోత పోతుందని మా స్నేహితుడు చెప్పాడు" అని పకారు చేతిలోకి తీసుకున్నాడు. ఆ లావు పిన్ను ఎర్త్ పిన్ను. దాన్ని తీసేస్తే ఒక్కోసారి మోత తగ్గే మాట నిజమే. కానీ లోపల ఏదైనా తీగ తెగి లోహపు పెట్టెకు తగిలితే, ఆ కరెంటు భూమిలోకి పోవడానికి దారి ఉండదు. గిటారు తీగల మీద ఒక చెయ్యి, మైకు మీద మరో చెయ్యి ఉన్న మనిషి దేహమే దారి అవుతుంది. 1972 మే నెలలో బ్రిటన్‌లోని స్వాన్సీ పట్టణంలో స్టోన్ ద క్రోస్ బృందపు గిటారు వాద్యకారుడు లెస్ హార్వీ, ఎర్త్ సరిగా లేని మైకును తాకి వేదిక మీదే ప్రాణాలు కోల్పోయాడు. ఆ సంగతి చెప్పగానే వాడు పకారు కింద పెట్టేశాడు.

ఎర్త్ మోత పోవాలంటే వేరే దారి ఉంది. యాంప్లిఫయర్, ఎడాప్టర్లు, గిటారు సాధనాలు అన్నీ మూడు పిన్నుల ప్లగ్గులతో, మంచి ఎర్త్ ఉన్న ఒకే సాకెట్టు నుంచి కలపండి. గోడకు ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి పెడితే రెండు ఎర్త్ దారుల మధ్య మోత తిరుగుతుంది. అంతేగాని ఎర్త్ పిన్ను జోలికి ఎవరూ పోకండి. మీ పిల్లలను పోనివ్వకండి. బుస చెవిని మాత్రమే బాధిస్తుంది. ఆ పిన్ను లేకపోవడం ప్రాణాన్నే తీసుకుపోవచ్చు.

వార్షికోత్సవం రోజున పాటలు చక్కగా సాగాయి. పాటకూ పాటకూ మధ్య ఎవరూ స్పీకరు వైపు చూడలేదు. సుద్ద గుర్తు మీద నిలబడి వాయించిన కుర్రవాడు దిగివచ్చి, "సార్, ఇంకా కొంచెం ఉంది సార్" అన్నాడు. ఉంటుంది నాయనా, ఉండే తీరుతుంది అన్నాను. వాళ్ల తాత మాత్రం, "ఉంటే ఉండనీలే అప్పా. మేము ఆ బుసలోనే కదా తెలుగు పాటలు విన్నది!" అన్నాడు.

ఆలోచించి చూస్తే ఈ నూరేళ్ల చరిత్ర చెప్పేది ఒక్కటే. మెల్లని గొంతును పైకెత్తాలని మనిషి ప్రయత్నించిన ప్రతిసారీ, దానితోపాటు రొద కూడా లేచింది. అందుకని ఎవరూ ఎత్తడం మానుకోలేదు. రొద ఎక్కడ చేరుతోందో ఓపికగా వెతికి, అక్కడే దాన్ని ఆపడం నేర్చుకున్నారు. మీ ఇంట్లో ఏ పెట్టె బుస కొట్టినా, అది పాడైందని పారవేసే ముందు ఆ వెతుకులాట ఒకసారి చేసి చూడండి.